పేట కీబోర్డు

“పేట కీబోర్డు అని పడిందండీ ఫోన్లో. ఎవరండీ మీరు?” అంది అవతల ఆడగొంతు.

నాకు ఒళ్ళు మండింది. జగ్గయ్యపేటలో సొంతంగా డీటీపీ కొట్టు నడుపుకుంటున్నదాన్ని, ఊళ్ళో సగం పెళ్ళిళ్ళకు శుభలేఖలు నా చేత్తో టైపు చేసినదాన్ని. కీబోర్డు ఏంటి? “ముందు ఆయనకివ్వండి ఫోను. ఆ సంగతేంటో ఆయన్నే అడుగుతా” అన్నాను.

ఆవిడ వెనకాల ఎక్కడో కుక్కరు కూత వినిపించింది.

“బావగారు పోయారండీ. అన్నం తిని పడుకున్న మనిషి పొద్దున లేవలేదు. పెద్దకర్మ కూడా అయిపోయింది.”

స్టూలు లాక్కుని కూర్చున్నాను. ఆవిడే మళ్ళీ సంజాయిషీగా అందుకుంది. “ఎవరెవరికి చెప్పాలో తెలీలేదండీ. ఆయన ఫోన్లో మనుషుల పేర్లే లేవు. ముక్త్యాల స్లో, చిల్లకల్లు వైరస్, రెడ్డిగూడెం ప్రింటరు... అన్నీ ఇట్లాగే ఉన్నాయి. వీళ్ళలో కావల్సినవాళ్ళెవరో, పని మీద చేసేవాళ్ళెవరో మాకెట్లా తెలుస్తుంది చెప్పండి?”

అంత దుఃఖంలోనూ నాకు నవ్వొచ్చింది. ఎవరి కంప్యూటరుకి ఏ జబ్బో ఆ జబ్బే వాళ్ళ పేరు ఆయనకు. అయినా నేనేమన్నా తక్కువ తిన్నానా? నా ఫోన్లో ఆయన పేరు ఆయన ఊరే, ‘నందిగామ’. అసలు పేరు పెట్టి పిలవాల్సిన అవసరమే ఎప్పుడూ రాలేదు. నేను “నందిగామ గారూ” అనేదాన్ని, ఆయన “అమ్మా” అనేవాడు. మా ఇద్దరికీ అది సరిపోయింది.

నేను ఫోను చేసింది పని మీదే. ముందు రోజు కొత్త ప్రింటరు బిగించడానికి ఒక మనిషి వచ్చాడు. బిగించినవాడు బిగించి పోక, “మీ సిస్టమ్ బాగా స్లో ఉంది మేడమ్, క్లీన్ చేస్తా” అన్నాడు. నేను జిరాక్సు దగ్గర ఉన్నాను. వద్దు అనేలోపు ఏదో పచ్చ బొత్తాం నొక్కేశాడు. “అయిపోయింది మేడమ్, ఎర్రర్లన్నీ తీసేసా!” అని సంబరంగా వెళ్ళిపోయాడు. మర్నాడు పొద్దున కంప్యూటరు పెట్టి శుభలేఖ మొదలుపెడితే నా బొటనవేలు పనిచెయ్యలేదు.

బొటనవేలు పనిచెయ్యకపోవడమేంటని అడుగుతారు. చెబుతాను.

మా కొట్లో కాగితాలు కోసే కటింగ్ మిషన్ ఉంది. ఒక ముహూర్తాల సీజన్లో తొందరపడి ఎడమచేతి చిటికెనవేలు దాని కింద పెట్టాను. పై సగం పోయింది. చిటికెనవేలే కదా, పోతే పోయిందిలే అని అందరూ అన్నారు. టైపు చేసేవాళ్ళకు తెలుస్తుంది దాని విలువ. షిఫ్ట్ కీ నొక్కేది ఆ వేలే. మేము వాడే పాతరకం తెలుగు ఫాంట్లలో సగం అక్షరాలు షిఫ్ట్ పట్టుకుంటే తప్ప పడవు. ఒత్తులు, గుడులు, దీర్ఘాలు, చాలావాటికి అదే ఆధారం. గాయం మానాక మిగతా వేళ్ళతో నొక్కి చూశాను. ఉంగరపు వేలు అక్కడికి సాగితే అక్షరాల మీద చెయ్యి తప్పేది. పెళ్ళికొడుకు పేరులో ఒత్తు పోయేది, పెళ్ళికూతురి తండ్రి పేరుకు దీర్ఘం పోయేది. చుట్టాల ముందు పరువు తీశావని ఒకాయన శుభలేఖలు బల్ల మీద కొట్టి వెళ్ళాడు.

నాకు వచ్చిన పని అదొక్కటే. పెళ్ళీ పెటాకులూ లేవు. వేలకొద్దీ శుభలేఖలు చేసినదాన్ని, నా కోసం ఒక్కటీ చేసుకోలేదు. కొట్టు వెనక రెండు గదుల్లో ఉంటాను. కొట్టు మూస్తే నాకు పొద్దున లేచి తీసే తలుపు కూడా ఉండదు. అప్పుడు వీధి చివర ఫోటో స్టూడియో ఆయన నంబరు ఇచ్చాడు. “నందిగామలో ఒకాయన ఉన్నాడు. కాస్త చాదస్తం. కానీ పిలిచి చూడండి” అన్నాడు.

ఆయన వచ్చాడు. చిల్లకల్లు దగ్గర బస్సు దిగి, షేర్ ఆటోలో వచ్చి, గడప బయటే చెప్పులు విడిచాడు. అరవై దగ్గర్లో ఉంటాడు. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, మోచేతి దాకా మడత. మెడలో నల్లతాడు, దానికి వేలాడుతూ నల్లగుడ్డతో కుట్టిన చిన్న సంచి. తాయెత్తు కాబోలు అనుకున్నాను. కంప్యూటరు వంక చూడనే లేదు.

“చెయ్యి చూపించండమ్మా” అన్నాడు.

“చేతికి డాక్టరున్నాడు. మిమ్మల్ని పిలిచింది కంప్యూటరుకి” అన్నాను. నా నోరు అంతే, పుట్టుకతో వచ్చింది.

“అదే. పని చేసేటప్పుడు ఎట్లా పెడతారో అట్లా కీబోర్డు మీద పెట్టండి” అన్నాడు. పెట్టాను. జేబురుమాలుతో తన చేతులు తుడుచుకుంటూ నా చెయ్యి వంకే చాలాసేపు చూశాడు. సగం వేలు చూడలేక మొహం తిప్పుకునేవాళ్ళను చూసి చూసి ఉన్నాను. ఈయన ఆ వేలు చూడడం లేదు, దాని పక్కనున్నవి చూస్తున్నాడు.

“ఈ బొటనవేలు ఊరికే ఉందిగా” అన్నాడు చివరికి.

నిజమే. టైపు చేసేటప్పుడు ఖాళీ వదలడానికి నేను కుడి బొటనవేలు వాడతాను. ఎడమది గాల్లో ఉంటుంది. దాని కింద సరిగ్గా ఆల్ట్ అనే కీ ఉంది. అది దేనికో కూడా నేను ఏనాడూ ఆలోచించలేదు.

“ఇట్లాంటిదే కుడివైపు ఇంకోటుంది, ఆ పని అది చూసుకుంటుంది. దీన్ని షిఫ్ట్ కీ చేసేద్దాం” అన్నాడు.

“కీబోర్డు విప్పుతారా?”

“విప్పక్కర్లేదమ్మా. లోపల రిజిస్ట్రీలో చెబితే చాలు.”

రిజిస్ట్రీ అంటే ఏంటని అడిగాను. మా కొట్లో పొలాల దస్తావేజులు కూడా టైపు చేస్తాం కాబట్టి నాకు తెలిసిన రిజిస్ట్రీ ఒకటే. ఆయన నవ్వలేదు. “ఇంట్లో పెద్దావిడ ఉంటుంది చూడండి. ఏ డబ్బాలో ఏముందో, ఎవరికి కాఫీలో పంచదార వద్దో, ఏ తలుపు గట్టిగా నెడితే గానీ పడదో అన్నీ ఆవిడకే తెలుసు. ఈ మిషనులో ఆవిడే రిజిస్ట్రీ. ఆవిడకు ఒక్కమాట చెబితే ఇల్లంతా వింటుంది. తప్పుమాట చెప్పామా, ఇక పొయ్యి కూడా వెలగదు” అన్నాడు.

ఉన్నది కూడా పోతుందేమో అన్నాను.

“అందుకేనమ్మా, విప్పేముందు ముడి ఎట్లా ఉందో చూసుకోవాలి” అంటూ మెడలోని సంచి తీశాడు. అది తాయెత్తు కాదు. అందులో పెన్‌డ్రైవులు ఉన్నాయి.

ఆ తర్వాత ఆయన చేసింది చూస్తే పూజకు కూర్చున్నాడా, పనికి కూర్చున్నాడా అర్థం కాలేదు. ప్రతిదీ పైకి చెప్పి చేస్తాడు. “ఇప్పుడు రిజిస్ట్రీ తెరుస్తున్నానమ్మా. ఇదిగో, కీబోర్డు సంగతులుండే అర ఇది. దీన్ని ఉన్నదున్నట్టు కాపీ తీస్తున్నా. దీన్నే బ్యాకప్ అంటాం.” బయట ఇద్దరు గిరాకీలు నిలబడి ఉన్నారు, నాకు కాలు నిలవడం లేదు. “తొందరగా కానీరాదూ!” అన్నాను. ఆయన నావైపు ఒకసారి చూసి, ఆ ఫైలుకి పేరు కొట్టాడు. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాట. ‘అమ్మగారికి కోపం.’

“అదేం పేరండీ, వెటకారమా?”

“కాదమ్మా. తారీకులు పెడితే ఎవరికి గుర్తుంటాయి? తీసేటప్పుడు కొట్లో ఏం జరుగుతుంటే అదే పేరు పెడతా. తర్వాత చూడగానే గుర్తొస్తుంది. ఒకటే నియమం, అబద్ధం పెట్టకూడదు.”

మార్చాల్సింది మార్చడానికి సిద్ధం చేసి, చెయ్యి మౌసు మీద నుంచి తీసేసి, ఒళ్ళో పెట్టుకుని నావైపు తిరిగాడు. నేను ఆయన వంక చూస్తున్నాను, ఆయన నా వంక చూస్తున్నాడు.

“ఏంటి?” అన్నాను.

“కానివ్వండి అనాలి మీరు. మిషను మీది. మీరు అనకుండా నేను నొక్కను.”

“కానివ్వండి మహాప్రభో” అని దణ్ణం పెట్టాను. అప్పుడు నొక్కాడు. ఆపి మళ్ళీ పెడితే గానీ తెలీదన్నాడు. కంప్యూటరు ఆపి మళ్ళీ పెట్టాడు. నేను కూర్చుని, వేళ్ళు పెట్టి, ఎడమ బొటనవేలు నొక్కి పట్టుకుని ‘శ్రీరస్తు’ కొట్టాను. పడింది. ‘శుభమస్తు’ కొట్టాను. పడింది. ‘అవిఘ్నమస్తు’ దాకా వచ్చేసరికి పిచ్చిదానిలా నవ్వుతున్నాను, కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. వెనక ఆయన నిదానంగా, “కాస్త జరుగుతారా అమ్మా, బాగున్నప్పుడు కూడా ఒకటి తీసుకోవాలి” అన్నాడు. దానికి ‘అమ్మగారు నవ్వారు’ అని పేరు పెట్టాడు. ఏడుపు చూశాడు కానీ రాయలేదు.

కాపీలు రెండు. ఒకటి నా సొరుగులోని పెన్‌డ్రైవులో, రెండోది ఆయన మెడలో. “రెండూ ఒకే గడప లోపల ఉండకూడదమ్మా. ఇల్లు కాలిపోతే తాళంచెవి ఇంట్లోనే ఉండి ఏం లాభం? ఒకటి ఎప్పుడూ ఇంకొకరి దగ్గరుండాలి” అన్నాడు.

అట్లా నా రెండో కాపీ నందిగామలో ఉండేది. చెప్పుకుంటే నవ్వుతారు గానీ, నా బాగు కోరి ఒకటి దాచిపెట్టిన మనిషి వేరే ఊళ్ళో ఉన్నాడు అనుకుంటే నాకు ధైర్యంగా ఉండేది.

ఆ తర్వాత ఆయన తరచుగానే వచ్చేవాడు. మా కొట్టుకి గిరాకీలు పెన్‌డ్రైవులతో పాటు వైరస్సులు కూడా తెచ్చేవాళ్ళు. పెన్‌డ్రైవు పెట్టగానే దానంతటదే తెరుచుకోకుండా ఆపాడు. కంప్యూటరు మొదలవగానే మీద పడే పనికిరానివన్నీ ఆపాడు. దీనికి సెట్టింగులు మార్చే ఒక చిన్న సాఫ్ట్‌వేర్ తెచ్చేవాడు. దాన్ని తెరవగానే పెట్టెల నిండా టిక్కులు పెట్టే ఉండేవి, అన్నీ ఒక్కసారే మార్చేస్తానంటూ. ఆయన ముందు ఆ టిక్కులన్నీ ఒక్కొక్కటే ఓపిగ్గా తీసేసేవాడు. తీసేసి, కావల్సిన ఒక్కటి పెట్టేవాడు. “ఒకసారికి ఒక్కటే మార్చాలమ్మా. రెండు మారిస్తే ఏది చెడగొట్టిందో తెలీదు.” ఆ ఒక్కటీ మార్చి, ఆపి, మళ్ళీ పెట్టి, బాగుందనుకుంటేనే రెండోదానికి వెళ్ళేవాడు. ఒక్క నొక్కుతో కంప్యూటరు కొత్తది చేస్తామనే సాఫ్ట్‌వేర్లంటే మాత్రం ఆయనకు ఎక్కడలేని కోపం వచ్చేది. “అరచేతిలో వైకుంఠం చూపిస్తారమ్మా వాళ్ళు. దేన్ని తీసేస్తున్నారో వాళ్ళకే తెలీదు” అనేవాడు.

ఈ నిదానం అందరికీ నచ్చదు. చిల్లకల్లు దగ్గర హైవే మీద ఒక హోటలుంది. దాని ఓనరు మా కొట్లోనే మెనూ కార్డులు వేయిస్తాడు. ఒకసారి వాళ్ళ బిల్లుల కంప్యూటరు ఆగిపోతే ఈయన్ని పిలిచారట. మధ్యాహ్నం భోజనాల వేళ. అంతా సిద్ధం చేసి ఈయన చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఓనరు డబ్బులు తీసుకుంటూ, “ఏదో ఒకటి చెయ్యవయ్యా బాబూ!” అని అరిచాడు. ఈయన కదలలేదు. “అది ‘కానివ్వండి’ అన్నట్టు కాదండీ” అన్నాడట. జనం తగ్గాక ఓనరు వచ్చి ఆ మాట అనేదాకా అట్లాగే కూర్చున్నాడట. ఓనరు ఈ కథ నాకు చెప్పి పడీ పడీ నవ్వాడు. “మీ నందిగామ ఆయనకి తిక్క మేడమ్” అన్నాడు. ‘మీ’ అన్న మాట నాకు చెడ్డగా అనిపించలేదు.

టీ కూడా ఆయన రెండు సార్లుగా తాగేవాడు. పని మొదలుపెట్టే ముందు సగం. మిషను ఆపి మళ్ళీ పెట్టాక మిగతా సగం. ఆ సగానికి టీ చల్లారి మీగడ కట్టేది. వేడి చేసి ఇస్తానంటే వద్దనేవాడు. ఆ సగం తాగుతూ మాట్లాడేవాడు. ఎంతసేపూ మిషన్ల మాటలే. ఒకసారి చెప్పాడు. “ఈ బ్యాకప్ ఫైలుని నమ్మండి గానీ, మరీ ఎక్కువ నమ్మకండమ్మా. దీన్ని నొక్కితే పోయినవి తిరిగొస్తాయి. మారినవి మునుపటిలాగే అవుతాయి. కానీ మధ్యలో కొత్తగా వచ్చి చేరినవి ఉంటాయి చూడండి, అవి పోవు. వాటి జోలికి ఇది వెళ్ళదు.”

“మరి వాటినేం చెయ్యాలి?”

“ఎవరికివాళ్ళు వెతుక్కుని తీసేసుకోవాల్సిందే. దొరికితే” అన్నాడు.

ఆయన ఇల్లు నేను ఒక్కసారి చూశాను. నందిగామలో ఒకళ్ళకు శుభలేఖలు ఇవ్వడానికి వెళ్ళి, ఎట్లాగూ వచ్చాం కదా అని ఫోను చేశాను. బస్టాండు వెనక సందులో తమ్ముడి ఇల్లు. వీధి వైపు గది ఈయనది. గదిలో మంచం, బల్ల, బల్ల మీద కంప్యూటరు. మంచం కింద మూత పెట్టిన అన్నం గిన్నె. లోపలికి వెళ్ళే తలుపుకి పరదా ఉంది. పరదా వెనక టీవీ, పిల్లల గోల, తాలింపు వాసన, అన్నీ ఉన్నాయి. ఇవతల మాత్రం ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు.

“ఎవరొచ్చారు బావగారూ?” అని లోపల్నుంచి తమ్ముడి భార్య అడిగింది.

“కంప్యూటర్ పని మీదమ్మా” అన్నాడు ఈయన.

పరదా కదలలేదు. నాకు చివుక్కుమంది. కానీ ఆయన మరేమని చెబుతాడు? నేను మాత్రం మా వీధిలో వాళ్ళడిగితే ఏమని చెప్పేదాన్ని?

నాకు కుర్చీ ఇచ్చి, మెడలోని సంచిలోంచి ఒక పెన్‌డ్రైవు తీసి తన కంప్యూటరుకి పెట్టి, అందులో ఒక ఫోల్డరు తెరిచి చూపించాడు. ఊరూరి మిషన్ల బ్యాకప్పులు. ‘వాన పడుతోంది.’ ‘బిడ్డ నిద్రపోయింది.’ ‘కరెంటు పోయి వచ్చింది.’ ‘సారు ఫోన్లో అరుస్తున్నారు.’ ఒక్కోటి చూపిస్తూ అది ఎక్కడో, ఆ రోజు ఏం జరిగిందో చెబుతున్నాడు. ఆ బిడ్డ ముక్త్యాల సిమెంటు ఫ్యాక్టరీ క్వార్టర్లలో ఒకళ్ళ మనవరాలట. ఇప్పుడు బడికి వెళ్తోందట. నేను మనుషుల మొహాలు చూస్తూ బతుకుతున్నట్టే, ఈయన ఈ పేర్లు చూస్తూ బతుకుతున్నాడని అర్థమైంది.

“ఇందులో మీ మిషనుది ఏదండీ?” అన్నాను.

“నాది తియ్యలేదమ్మా.”

“అదేంటి! అందరికీ చెబుతారుగా?”

“ఏదన్నా మార్చబోతుంటే కదమ్మా తియ్యాల్సింది. నా దాంట్లో మార్చేదేముంది” అన్నాడు. అని, నాకు టీ పెట్టలేకపోయానని నొచ్చుకున్నాడు. తిరుగు బస్సులో కంచికచర్ల వైపు వెళ్ళేవాళ్ళెవరో పోట్లాడుకుంటుంటే, ఆపకండ్రా అనుకుంటూ విన్నాను. ఆ గదిలోంచి వచ్చాక మనుషుల గొంతులు వినాలనిపించింది. తీరా చూస్తే నేను ఎక్కింది పేట బస్సు కాదు, కంచికచర్ల వైపు పోయేది. దిగి, రోడ్డు దాటి, పేట బస్సు పట్టుకునేసరికి సాయంత్రమైంది.

ఆ తర్వాత ఆయన వచ్చినప్పుడు అడిగేశాను. మా కొట్టు పక్క గదిలో టైలరు ఖాళీ చేసి వెళ్ళాడు. “ఇట్లా బస్సులెక్కి దిగే బదులు ఆ గది తీసుకుని ఇక్కడే కొట్టు పెట్టుకోకూడదూ? గిరాకీ నేను పంపిస్తా. మధ్యాహ్నం ఒకళ్ళకు వండేది ఇద్దరికి వండుతా, అదేం బ్రహ్మవిద్య?” అన్నాను. మామూలుగా అన్నట్టే అన్నాను. అంటున్నప్పుడు నా గొంతు నాకే వేరుగా వినిపించింది.

ఆయన మిగిలిన సగం టీ గ్లాసు చేతిలో పట్టుకుని దాని వంకే చూశాడు.

“అది ఒకసారికి ఒక్కటి కాదమ్మా” అన్నాడు. “ఊరు మారితే అన్నీ ఒక్కసారే మారతాయి. తర్వాత ఏదన్నా తేడా వస్తే, ఏది చెడగొట్టిందో తెలీదు.”

“అన్నిటికీ వెనక్కి దారి చూసుకుంటూ కూర్చుంటే బతికినట్టే!” అన్నాను కసిగా.

ఆయన నవ్వాడు. “చూద్దాం లెండి” అన్నాడు. టీ మొత్తం తాగకుండా లేచింది ఆ ఒక్కరోజే. తర్వాత ఆ గదిలోకి మొబైల్ రీఛార్జ్ కొట్టు వచ్చింది.

పని బాగా చేసేవాళ్ళతో ఒక చిక్కుంది. మళ్ళీ పిలిచే పని ఉండదు. నా కంప్యూటరు నిక్షేపంగా నడిచింది. వైరస్ లేదు, ఆగిపోవడం లేదు, బొటనవేలు చక్కగా నడుస్తోంది. ఏ వంక పెట్టి ఫోను చెయ్యను? ఒకసారి మౌసు వైరు నేనే పీకేసి, పనిచెయ్యడం లేదని ఫోను చేద్దామా అనుకున్నాను. వైరు దాకా చెయ్యి పోయింది కూడా. సిగ్గేసి వెనక్కి తీసుకున్నాను. ఆయనకు మాత్రం వంకేముంది రావడానికి? చెడనిదాన్ని ముట్టుకోకూడదనేది కూడా ఆయన మాటే. అట్లా ఇద్దరం ఎవరి ఊళ్ళో వాళ్ళం, మిషను బాగుంది కాబట్టి మాట్లాడుకోకుండా ఉండిపోయాం.

చివరికి ఆ ప్రింటరు మనిషి పుణ్యమా అని నా బొటనవేలు పోయింది. నిజం చెప్పనా? శుభలేఖలు ఆగిపోయినందుకు కంగారు పడ్డాను, అది నిజమే. కానీ ఫోను తీసి ‘నందిగామ’ నొక్కేటప్పుడు మొహం మీద నవ్వుంది నాకు. వంక దొరికింది కదా.

ఆ ఫోన్లోనే ఆవిణ్ణి ఇంకోమాట అడిగాను. “ఆయన మెడలో నల్ల సంచి ఉండేది. అదేమైందండీ?”

“ఆ తాయెత్తా అండీ? తీద్దామని చూశాం. ముడి రాలేదు. పోనీలే, ఆయన నమ్ముకున్నది ఆయనతోనే ఉండనీ అన్నారు పెద్దవాళ్ళు. దాంతోనే సాగనంపాం” అంది. పాపం, ఆవిడ తప్పేముంది? నేనూ మొదట తాయెత్తే అనుకున్నానుగా. ఊరూరి వానలూ, నిద్రపోయిన బిడ్డా, నా కోపమూ నవ్వూ, అన్నీ ఆయనతోపాటు కాలిపోయాయి. అది తాయెత్తు కాదని ఆవిడకు చెప్పలేదు. “మంచిపని చేశారండీ” అన్నాను.

ఫోను పెట్టేశాక కొట్టు తలుపు సగం దించాను. ముహూర్తం దగ్గరున్న శుభలేఖ సగంలో ఉంది. మర్నాటికి ఇవ్వకపోతే ఆ పెళ్ళివాళ్ళు వేరేచోటికి పోతారు, వాళ్ళ వెంట మిగతావాళ్ళూ పోతారు. ఇంకో మెకానిక్కును పిలిస్తే మొత్తం తుడిచి కొత్తగా వేద్దామంటాడు. ఈ కీబోర్డు నా చేతికి కుదరకపోతే ఇంకే కీబోర్డు మీదా నాకు బతుకు లేదు. సొరుగు లాగి పెన్‌డ్రైవు తీశాను. ఆ పని నేనెప్పుడూ చెయ్యలేదు. చూడడమే చూశాను. కానీ ఆయన పైకి చెబుతూ చేసేవాడు కదా, చెవుల్లో ఉంది.

“ఇప్పుడు రిజిస్ట్రీ తెరుస్తున్నా” అన్నాను పైకి. ఖాళీ కొట్లో నా గొంతు నాకే వింతగా ఉంది. కీబోర్డు అర వెతికి పట్టుకున్నాను. బాగుచేసే ముందు చెడిపోయినదాన్ని కూడా కాపీ తియ్యాలి, ఉన్న చెడు ఇంకా చెడకుండా. తీశాను. పేరు అడిగింది. కొట్లో ఏం జరుగుతోంది? ఏమీ జరగడం లేదు. ‘నందిగామ గారు లేరు’ అని కొట్టాను. అబద్ధం పెట్టకూడదు కదా.

పెన్‌డ్రైవులో రెండు పేర్లూ పక్కపక్కనే ఉన్నాయి. ‘అమ్మగారికి కోపం.’ ‘అమ్మగారు నవ్వారు.’ కోపం అంటే బొటనవేలు రాకముందుది. నవ్వు మీద నొక్కాను. నిజంగా ఇవి చేర్చమంటారా అని కంప్యూటరు అడిగింది. నాకు తెలీకుండానే చేతులు మౌసు మీద నుంచి తీసి ఒళ్ళో పెట్టుకున్నాను. పక్క స్టూలు వైపు తిరిగాను. ఎవరో ఒకరు ఆ మాట అనాలి. మిషను నాది. అనాల్సింది నేనే. చేసేదీ నేనే, అనేదీ నేనే.

“కానివ్వండి” అన్నాను. అని, నొక్కాను.

ఆపి మళ్ళీ పెట్టాను. అది తెరుచుకునేదాకా కొంగు వేలికి చుట్టుకుంటూ కూర్చున్నాను. వేళ్ళు పెట్టి, ఎడమ బొటనవేలు నొక్కి పట్టుకున్నాను. శ్రీరస్తు. శుభమస్తు. అవిఘ్నమస్తు. తప్పు లేకుండా పడ్డాయి.

పోయింది తిరిగొచ్చింది. అంతా ఆయన వచ్చిన మొదటిరోజున ఉన్నట్టే ఉంది. ఆ ఫోన్లో విన్న మాట మాత్రం పోలేదు. మధ్యలో వచ్చి చేరింది కదా, అది పోదు.

శుభలేఖ పూర్తిచేసి, టీ పెట్టుకుని, సగం తాగాను. బాగున్నప్పుడు కూడా ఒకటి తీసుకోవాలి. తీశాను. పేరు అడిగితే ‘ఒక్కదాన్నే చేసుకున్నా’ అని పెట్టాను. పాత పెన్‌డ్రైవులోకి ఒక కాపీ వేశాను. రెండోది వెయ్యడానికి పక్క మొబైల్ కొట్లో కొత్త పెన్‌డ్రైవు కొనుక్కొచ్చాను. వేసి, అరచేతిలో పట్టుకుని కూర్చున్నాను. రెండూ ఒకే గడప లోపల ఉండకూడదు. ఒకటి ఇంకొకరి దగ్గర ఉండాలి. ఫోటో స్టూడియో ఆయన అనుకున్నాను. ఆయనకిస్తే మర్నాడే అందులో పెళ్ళి ఫోటోలు నింపుతాడు. చిల్లకల్లు హోటలు ఓనరు అనుకున్నాను. ఇదేంటి మేడమ్ అని నవ్వుతాడు. నాకు తెలిసిన మొహాలన్నీ ఒక్కొక్కటే తలుచుకున్నాను. ఊళ్ళో నన్నెరగనివాళ్ళు లేరు. నాది ఒకటి దాచిపెట్టమని ఇవ్వడానికి మాత్రం ఒక్కరూ తట్టలేదు.

చల్లారిన టీ మిగతా సగం తాగాను. పెన్‌డ్రైవులు రెండూ ఒకే సొరుగులో పడేసి మూశాను. తప్పే, నాకు తెలుసు. ఆయనుంటే కేకలేసేవాడు. వెయ్యమనండి. వింటాను.